ఖాళీగా తిరిగొచ్చిన పళ్లెం

నాకు అనుమానం ఎక్కువ. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. ఏళ్ల తరబడి లెక్కల టీచరుగా పనిచేస్తూ, ప్రతి మార్చిలో పదో తరగతి పరీక్షలకు కాపలా కాస్తూ, జేబురుమాళ్లలో, చెప్పుల అడుగున, గాజుల సందుల్లో చీటీలు పట్టుకున్నదాన్ని. పాలు పోసే మనిషి వస్తే ముందు అతని ముఖం చూస్తాను, తర్వాతే పాలు. మా తమ్ముడు నన్ను పోలీసక్క అంటాడు. అది పొగడ్తో తిట్టో ఇంతవరకూ తేల్చుకోలేదు.

అందుకే అమ్మకు రొమ్ములో గడ్డ అని తేలి, ఆపరేషన్ అయి, కర్నూల్లో ఆసుపత్రిలో కీమో మందు ఎక్కించడం మొదలయ్యాక నా అనుమానమంతా తిండి మీద పడింది. రోగం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. తిండి విషయంలో మాత్రం ప్రతివాడూ డాక్టరే. గుడ్డు నంజు, కుట్లు చీము పడతాయని ఒక చిన్నమ్మ. తీపి తింటే గడ్డ మళ్లీ పెరుగుతుందని ఫోనులో చూసి చెప్పిన ఒక మేనమామ. లక్ష్మణఫలం ఆకు కషాయం తాగితే కీమో అక్కరలేదని, ఆ ఆకు తనే తెప్పించి ఇస్తానని ఇంకొకాయన. అందరికీ తలూపాను. ఒక్కరినీ నమ్మలేదు.

ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పడానికి ఒక అమ్మాయి ఉండేది. మా స్కూల్లో చదివే పిల్లల కంటే కాస్త పెద్దదేమో, అంతే. ఆమె అమ్మ చేతి కండ పట్టి చూసి, "అవ్వా, ఈ వయసులో బరువు తగ్గితే కొవ్వు కాదు పోయేది, కండ. కండ పోతే మందు తట్టుకోలేవు" అంది. రోజూ గుడ్లు, మెత్తగా ఉడికిన పప్పు, పెసలు, పెరుగు, వేయించి పొడి కొట్టిన చెనక్కాయలు తినమంది. ఒకేసారి కడుపు నిండా పెట్టొద్దు, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టండి అంది. నోరు పూసి ఉంది కాబట్టి కారం మానేసి, సంగటి గోరువెచ్చగా అయ్యాక పెట్టమంది. పచ్చి కూరలు, బయటి తిండి అసలే వద్దంది. అన్నం నోట్లో పెడితే ఇనుము నాకినట్టుందని అమ్మ చెబితే, స్టీలు చెంచా తీసేసి చెక్క చెంచాతో తినమంది.

మందుల షాపులో అమ్మే పౌడరు డబ్బా కొనమంటారా అని అడిగాను. కొనమంటే ఆమెకు షాపువాడితో లాలూచీ ఉన్నట్టు లెక్క వేసుకుందామని. ఆమె అక్కర్లేదు, చెనక్కాయల పొడి, పాలు చాలు అంది. అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. ముసలామె కదా, ఎలాగూ పోయేదే కదా అని డబ్బా కూడా దండగనుకుందా? మా అమ్మ నా మోచెయ్యి గిల్లి, "ఆ పాప మంచిగనే చెప్తాండాది. నీ మొగం ఏంటికి అట్ల పెట్టుకున్యావు?" అంది.

అమ్మను కర్నూల్లో నా దగ్గరే ఉంచుకుందామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. మందు ఎక్కించిన మర్నాడే ఊరికి పోతానని పట్టు. మా ఊరు బద్వేలు దాటాక, లోపలికి. అక్కడ తన మంచం, తన చర్చి, తన మనుషులు. మా తమ్ముడు బోరు బండి మీద డ్రైవరు. ఎండాకాలం వచ్చిందంటే ఇంటి పట్టున ఉండడు. ఇక అమ్మ బాధ్యత అంతా మా మరదలిది.

మా మరదలు మాట తక్కువ మనిషి. మాట తక్కువ వాళ్లంటే నాకు మొదటి నుంచీ భయమే. ఎక్కువ మాట్లాడేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరికిపోతారు. వీళ్లు దొరకరు. రోజూ సాయంత్రం ఫోను చేసేదాన్ని. "ఏం పెట్టినావు?" అంటే, "గుడ్లు, సంగటి, పప్పు వదినా" అనేది. "తినిందా?" అంటే, "తినింది వదినా. పళ్లెం ఖాళీగా వచ్చింది" అనేది. రోజూ అవే మాటలు, అదే గొంతు. ఒకే తప్పు జవాబు వరసగా నాలుగు పేపర్లలో కనిపిస్తే నాకు ఎలా ఉంటుందో, అలా ఉండేది.

తర్వాతి మందుకని వచ్చినప్పుడు అమ్మను బరువు తూచారు. బాగా తగ్గింది. ఆ మిషనే సరిగా లేదన్నాను. ఎవరూ చూడకుండా నేనెక్కి చూశాను. నా బరువు ఉన్నది ఉన్నట్టు చూపించి పరువు తీసింది. అమ్మ జాకెట్టు భుజం దగ్గర వదులై జారుతోంది. గాజులు మోచేతి దాకా పోతున్నాయి. అవి చూశాక మిషన్‌ను అనడానికి నోరు రాలేదు.

డాక్టరు నెమ్మదైన మనిషి. ఆరోజు మాత్రం గట్టిగానే చెప్పాడు. "ఈసారికి ఎక్కిస్తున్నాను. వచ్చేసారికి బరువు ఇంకా జారినా, రక్తంలో తెల్ల కణాలు లేవకపోయినా మందు ఆపేస్తాను. బలం లేని ఒంట్లోకి ఎక్కిస్తే మందే మనిషిని తీసుకుపోతుంది. ఆపితే రోగానికి సందు ఇచ్చినట్టు. ఆమెకు తిండి పెట్టండి."

ఆమెకు తిండి పెట్టండి. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. మేము పెట్టడం లేదనే కదా అర్థం? నేను ట్రేలకు ట్రేలు గుడ్లు కొని పంపుతున్నాను. చెనక్కాయలు ఇంటివే. పెరుగుకు ఇంట్లో బర్రె ఉంది. పెట్టింది పెట్టినట్టు తింటే ఈ మనిషి ఇలా కరిగిపోదు. అంటే తిండి మధ్యలో ఎక్కడో పక్కదారి పడుతోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. లెక్క కష్టమైనది కాదు. ఆ గుడ్లు మరదలే తింటోందని తేల్చుకున్నాను.

చెప్పకుండా వెళ్లాను. శనివారం సెలవు పెట్టి, నంద్యాల మీదుగా బస్సులు మారి, మధ్యాహ్నం వేళకు ఊళ్లో దిగాను. స్క్వాడ్ వాళ్లు పరీక్ష హాల్లోకి వచ్చినట్టు చప్పుడు చేయకుండా వంటింట్లోకి నడిచాను. మరదలు పొయ్యి ముందు కూర్చుని గుడ్లు ఒలుస్తోంది. నన్ను చూసి తత్తరపడింది. ఆ తత్తరపాటు చూడగానే నాకు లోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది, ఎందుకు అబద్ధం.

"వస్తానని చెప్పలేదేం వదినా? నీళ్లు పెట్టేదాన్ని గదా" అంది. పళ్లెంలో మెత్తటి సంగటి, కారం వేయని పప్పు, రెండు గుడ్లు, గిన్నెలో పెరుగు సర్దింది. చెక్క చెంచా కూడా మరచిపోలేదు. అమ్మ ఉండే వెనక గదికి తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. కాసేపటికి పళ్లెం ఖాళీగా తిరిగొచ్చింది. నేను వంటింటి గడప దాటలేదు, ఆమె మీద నుంచి చూపు తిప్పలేదు. పెరట్లో దిబ్బ మీద గుడ్డు పెంకులు కూడా చూసి వచ్చాను. ఉండాల్సినన్ని ఉన్నాయి.

నాకు అన్నం పెట్టింది. "నువ్వూ కూర్చో" అన్నాను. "నేను తర్వాత తింటాలే వదినా" అంది. పెదాలు ఎండి ఉన్నాయి. నాతో కలిసి తినకపోవడం చూసి, కడుపు ముందే నిండి ఉంటుందిలే అనుకున్నాను. నాలాంటి మనిషికి అన్నీ సాక్ష్యాలే.

ఇందాక మరదలు పళ్లెం ఇచ్చి రాగానే అమ్మ గది తలుపుకు లోపల గడియ పడటం విన్నాను. తినేటప్పుడు ఎవరూ చూడకూడదని అమ్మ కొత్తగా పెట్టుకున్న రూలట. నోరు పూసింది కదా, తింటుంటే చొంగ కారుతుందని సిగ్గట. చెప్పిన కారణం బాగానే ఉంది. మరీ బాగుందనిపించి, మర్నాడు ఆదివారం అమ్మ పళ్లెం లోపలికి వెళ్లగానే నేను ఇల్లు చుట్టి పెరట్లోకి వెళ్లాను. అమ్మ గదికి పెరటి వైపు ఒక తలుపుంది. ఆ పక్కనే మోకాళ్ల ఎత్తు కంటే కాస్త పెద్ద గోడ. గోడ అవతల గాజులామె ఇల్లు.

గాజులామె భర్త తిరునాళ్లలో గాజుల అంగడి పెడతాడు. అప్పుడు అహోబిలం పోయి ఉన్నాడు. ఆ ముస్లిం కుటుంబమూ మా కుటుంబమూ నా పెళ్లికి ముందు నుంచీ పక్కపక్కనే. తలుపు తెరుచుకుంది. అమ్మ స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి తెచ్చి గోడ మీద పెట్టింది. అవతలి నుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి దాన్ని తీసుకుంది. నేను జామచెట్టు చాటున నిలబడి ఇదంతా చూశాను. ఒక్క దెబ్బకు మరదలు జాబితాలోంచి పోయి గాజులామె వచ్చి చేరింది.

వీధి వైపు నుంచి ఆమె ఇంట్లోకి వెళ్లాను. డబ్బా పొయ్యిగట్టు మీద మూత పెట్టి ఉంది. "మా అమ్మ తిండి నీ ఇంట్లో ఏం చేస్తాంది?" అన్నాను. మంచి చెడ్డా కూడా అడగలేదు.

ఆమె బెదరలేదు. అలసటగా నవ్వింది. "కూర్చో అక్కా. నువ్వు ఎప్పుడొస్తావా అనే చూస్తాండా. రంజాను నెల, నేను ఒక్కపొద్దుండా. పగలు నేను గుటక గూడా మింగను. నీకు తెల్దా?"

తెలుసు. కోపంలో గుర్తుకు రాలేదు.

"మరి ఎవరు తింటాండారు?"

"పెద్దమ్మే తింటాది, సాయంత్రం. ఆమె గూడా ఒక్కపొద్దుంది అక్కా. మీ నలభై దినాల ఉపవాసాలు గదా ఇప్పుడు. మసీదులో బాంగు వినపడితే నేను ఖర్జూరం నోట్లో ఏసుకుంటా. ఆమె ఈడనే కూర్చోని ప్రార్థన చేసుకోని రెండు ముద్దలు తింటాది. మూడోది దిగదు. మిగిలింది కోళ్లకు పోతాది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "రోగమున్నోళ్లకు మా దాంట్లో మాఫీ ఉండాది పెద్దమ్మా, మీ దాంట్లో ల్యాదా అని అడిగినా. వద్దని శానా చెప్పినా. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేపిచ్చుకుండె. నువ్వు వచ్చి అడిగితే ఏం జేద్దును, చెప్తాండా."

అంత మందు ఒంట్లోకి ఎక్కించుకుని, ఆ ఎండలో, తెల్లవారి నుంచి పొద్దు గుంకేదాకా కడుపు మాడ్చుకుంటోంది. మేమంతా ఏ కండ కోసం గుడ్లు ఉడకబెడుతున్నామో ఆ కండను తనే కరిగించుకుంటోంది. కోపంతో విసవిసా మా ఇంటికి నడిచాను. కోపమనే అనుకున్నాను. అది భయం.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే తెలిసిపోయింది.

"ఎవురి కోసం ఉంటాండావు ఉపవాసం?" అన్నాను. "నీ రోగం పోవాలనా? డాక్టరు ఏం చెప్పినాడో నీ చెవులతో విన్యావు గదా. మందు ఆపేస్తాడు. సచ్చిపోతావు."

"అరవాకు" అంది అమ్మ. తర్వాత మెల్లగా చెప్పింది. చర్చి ఆడవాళ్లు ఆమె కోసం గొలుసు ఉపవాసం పట్టారు. రోజుకొక ఇల్లు. ఆరోజు ఆ ఇంటామె పొద్దుగూకేదాకా ఏమీ తినకుండా ప్రార్థన చేస్తుంది. మర్నాడు ఇంకో ఇల్లు అందుకుంటుంది. మా చర్చిలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ఇలాగే పడతారు. నాకూ తెలిసిన ఆచారమే. చిన్నప్పుడు నేనూ ఒక రోజు ఉన్నాను.

"వాళ్లంతా మిరప కోతలకు పోతాండారు పాపా. ఎర్రటెండలో మిరపకాయల ఘాటులో నడుములు వంచుతాండారు. నా కోసం కడుపులు మాడ్చుకోని. నేనేమో ఈడ మంచం మీద కూర్చోని గుడ్లు తినాల్నా? ఎట్ల దిగుతాది?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "వాళ్లది ఒక పూట. నీ మరదలు మొదులు పెట్టిన కాడి నుంచి రోజూ ఉంటాండాది. గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టి, అది మాత్రం మంచినీళ్లు తాగదు. దాని పెదాలు చూసినావా? నోట్లో పెట్టుకుంటే నాకు ఆ పెదాలే కనపడతాండాయి."

చూశాను. బాగా దగ్గరి నుంచి చూశాను. చూసి వేరే లెక్క కట్టాను.

వంటింట్లోకి వెళ్లాను. మరదలు గిన్నెలు తోముతోంది. "నిన్న నువ్వు ఎప్పుడు తిన్యావు?" అన్నాను.

"రాత్రి చర్చి నుంచి వచ్చినాక వదినా."

"ఎవురు చెప్పినారు నిన్ను రోజూ ఉండమని?"

ఆమె తోముతున్న గిన్నెను వదల్లేదు. "ఆస్పత్రి ఖర్చు మీరు పెట్టుకుంటాండారు. మీ తమ్ముడు బండెనక తిరుగుతాండాడు. చర్చి వాళ్లు ప్రార్థన చేస్తాండారు. నా కాడ ఇచ్చేదానికి ఏముంది వదినా? నా ఆకలి ఒకటే ఉండాది."

ఏడుపు వచ్చింది. అక్కడే, ఆమె ముందరే, గడప మీద కూర్చుని ఏడ్చాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం కూడికకు నేనూ వెళ్లాను. నేను చర్చికి పండగలకు తప్ప పోయేదాన్ని కాదు, అందరూ తిరిగి చూశారు. ప్రార్థన ముగిశాక లేచి జరిగినదంతా చెప్పాను. డాక్టరు మాట చెప్పాను. దయచేసి ఉపవాసం ఆపండి, మీరు తింటేనే మా అమ్మ తింటుంది అన్నాను. ఎవరూ సంతోషించలేదు. ఒక పెద్దామె లేచి, "దేవునికి మాటిచ్చినాము. నడమ ఇడిస్తే కీడు మీ అమ్మకే గదమ్మా" అంది. అందులో పట్టుదల లేదు, నిజమైన బెదురే ఉంది. నేను పాస్టరయ్య వైపు చూశాను. విశ్వాసం చాలు, వైద్యం ఎందుకని ఆయన అంటాడేమో, అంటే ఏం జవాబివ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆయన ఆ పెద్దామె వైపు తిరిగాడు. "ఇచ్చిన మాట తప్పద్దు. ఉపవాసాన్ని ప్రేమవిందుగా మార్చుకోండి. మీ వంతు వచ్చిన రోజు పోయి ఆమెతో కూర్చోని తినండి. ఆమె తినిందాకా మీ ప్రార్థన అయిపోనట్టే" అన్నాడు. చర్చిలో పండగనాడు అందరూ కలిసి తినే భోజనాన్ని ప్రేమవిందు అంటారు. నేను అనుకున్న జవాబు అవసరం లేకపోయింది. సర్కారు టీచరు వచ్చి అడిగింది కదా అని మొహమాటపడ్డాడా అని కూడా ఒక మూల అనుకున్నాను. అలవాటు పోదు.

మర్నాటి నుంచి వంతు వచ్చినామె కోతల నుంచి మధ్యాహ్నం వచ్చేది. ఇంట్లో వండి తేవద్దని, గుడ్లో పెసలో పాలో ఏది ఉంటే అది తెస్తే మరదలు అప్పటికప్పుడు వండుతుందని నేను షరతు పెట్టాను. రక్తంలో కణాలు తగ్గిన మనిషి, ఏ ఇంటి ఏ గిన్నె శుభ్రమో ఎవరికి తెలుసు? గడప దగ్గర సబ్బు, నీళ్లు పెట్టించాను. వచ్చినామె, మరదలు, అమ్మ ముగ్గురూ ఒకచోట కూర్చునేవాళ్లు. కారం లేని పప్పు తినడం మా వాళ్లకు ఉపవాసం కంటే కష్టమైందని మరదలు ఫోనులో చెప్పి మొదటిసారి నవ్వింది. అమ్మ మాత్రం వాళ్లను నమ్మలేదట. తిన్నట్టు నటించి చాటుగా పస్తుంటారేమోనని, ముద్ద నమిలి మింగేదాకా వాళ్ల గొంతుల వైపు చూస్తూ కూర్చునేదట.

మళ్లీ ఆసుపత్రి రోజు వచ్చింది. అమ్మ చెప్పులు విడిచి మిషన్ ఎక్కింది. నేను అంకెలు చూడలేక గోడ వైపు తిరిగాను. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, బరువు చూసి, "పెరగలేదు. కానీ జారలేదు. కణాలు పరవాలేదు. ఎక్కిద్దాం" అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి సూది గుచ్చి మందు పెట్టారు. సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి. ఎప్పుడూ నేను విషమనుకునే ఆ చుక్కలు ఆరోజు ముద్దొచ్చాయి.

అమ్మ ఖాళీగా ఉన్న చేత్తో ఒళ్లోని డబ్బా మూత తీసి, చెంచాతో ముద్ద తీసుకుంది. "నువ్వు తిన్యావా?" అంది.

"తిన్నా."

"ఏం తిన్యావు?"

"ఇడ్లీ."

"యాడ?"

"ఈడనే, కింద క్యాంటీన్లో."

అమ్మ నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఎంతమంది పిల్లల ముఖాలు అలా చూసి ఉంటానో. ముందురోజు మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదు. ఎవరికీ మొక్కలేదు, ఏ ప్రార్థనా చేయలేదు. ఆ మిషన్ మీద అంకె చూసేదాకా నోట్లో ఏదీ పెట్టుకోబుద్ధి కాలేదు, అంతే. అలా ఉంటే బరువు నిలుస్తుందని ఎక్కడో లోపల నమ్మాను కూడా.

అమ్మ తినబోతున్న ముద్దను డబ్బాలో పెట్టేసింది. చెక్క చెంచా నా వైపు తిప్పింది.

"నువ్వు తింటేనే నేను తినేది" అంది. "మొదులు పెట్టు."

చుట్టూ కుర్చీల్లో మందు ఎక్కించుకుంటున్న వాళ్లు, వాళ్ల పక్కన వాళ్ల మనుషులు. నేను సంగటి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. చల్లారిపోయి, ఉప్పు తక్కువై ఉంది. నేను మింగేదాకా చూసి, అమ్మ చెంచా తీసుకుని తన ముద్ద తింది.